ఒక్క పేరే ఉన్న ఓటు చీటీ

పిల్లలూ,

"రష్యాలో ఒకే పార్టీ ఉండేదన్నావుగా తాతయ్యా, మరి ఎన్నికలెందుకు పెట్టేవాళ్లు?" అని అడిగారు. వంకాయ కూరతో మొదలుపెడతాను.

అమ్మ "ఏ కూర కావాలర్రా?" అని అడిగి వంకాయ ఒక్కటే వడ్డించిందనుకోండి. సరేననేవాళ్లు తలొంచుకుని తినేయచ్చు. వద్దనేవాళ్లు విస్తరి పట్టుకుని అందరి ముందూ లేవాలి. రష్యా సోవియట్ యూనియన్‌లో భాగంగా ఉన్న రోజుల్లో ఓటు అలాంటిదే. బల్ల దగ్గర ఇచ్చే చీటీ మీద "ఒక్క పేరు ఉంచి మిగతావి కొట్టేయండి" అని అచ్చయి ఉండేది. ఉన్నదే ఒక్క పేరు! ఒప్పుకుంటే ఏ గుర్తూ అక్కర్లేదు, మడిచి పెట్టెలో వేయడమే. వద్దనుకుంటే ఆ పేరు కొట్టేయాలి, అందుకు తెరచాటుకు వెళ్లాలి. తెర వైపు ఎవరు నడిచారో హాలంతా చూస్తుంది. చట్టంలో మాత్రం అది రహస్య ఓటే.

ఓటుకు రమ్మని ఇంటింటికీ వచ్చి గుర్తుచేసేవాళ్లు. జబ్బుపడినవాళ్ల మంచం దగ్గరికి పెట్టెనే మోసుకెళ్లేవాళ్లు. 1984లో 99.99 శాతం మంది ఓటేశారని ప్రకటించారు. మరి వంకాయే వండాలని ఎవరన్నారు? పైకి చూస్తే ఫ్యాక్టరీ సభల్లో కార్మికులే పేరు ప్రతిపాదించేవారు. పార్టీ కమిటీలో అది ముందే ఖరారయ్యేది.

కానీ ఆ కొట్టివేతలో ఒక బలం దాగి ఉంది. గెలవాలంటే సగానికి మించి ఓట్లు రావాలి. 1989 మార్చి 26న జరిగిన ఎన్నికల్లో, గోర్బచేవ్ దేశాన్ని ఏలుతున్న కాలంలో, చాలాచోట్ల ఒకటికి మించి పేర్లు రానిచ్చారు. లెనిన్‌గ్రాడ్‌లో మాత్రం ప్రాంతీయ పార్టీ కార్యదర్శి యూరీ సొలొవ్యోవ్ ఒక్కడే అభ్యర్థి. సగానికి మించి జనం ఆయన పేరు కొట్టేశారు. పోటీయే లేకుండా ఓడిపోయాడు! ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

1990లో పార్టీ పెత్తనాన్ని రాజ్యాంగంలోంచి తీసేశారు. 1991లో సోవియట్ యూనియనే పోయింది. 1996 రష్యా అధ్యక్ష ఎన్నికల చీటీలో పది పేర్లు. ఎవరికీ సగం రాక జూలై 3న రెండో విడత పెట్టాల్సి వచ్చింది. చీటీ అడుగున "అందరికీ వ్యతిరేకం" అనే గడి ఉండేది. మన నోటా కన్నా పదునైనది. నియోజకవర్గంలో మొదటి అభ్యర్థి కన్నా ఆ గడికే ఎక్కువ పడితే ఎన్నిక చెల్లదు. 2006లో ఆ గడి తీసేశారు.

ఇప్పుడు అక్కడ చీటీ మీద ఒకటికి మించి కూరలుంటాయి. అందుకని విస్తరి కాదు, వంటింటి గుమ్మం చూడాలి. అధ్యక్ష పదవికి స్వతంత్రుడైతే 3,00,000 సంతకాలు తేవాలి, పార్లమెంటులో సీట్లు లేని పార్టీవాడైతే 1,00,000. సంతకం పక్కన రాసే పాస్‌పోర్టు (అక్కడ అదే గుర్తింపు కార్డు) నంబరులో ఒక్క అంకె తప్పినా ఆ సంతకం పోతుంది. పరిశీలించినవాటిలో అలాంటివి 5 శాతం దాటితే నామినేషనే పోతుంది. 2024లో ఉక్రెయిన్ యుద్ధం వద్దన్న బోరిస్ నదేజ్‌దిన్ 1,05,000 ఇచ్చాడు. వాటిలో పరిశీలనకు తీసిన 60,000లో 9,000కు పైగా చెల్లవని ఎన్నికల కమిషన్ తేల్చింది. చీటీ మీద నాలుగు పేర్లే మిగిలాయి, పుతిన్‌కు 87 శాతం వచ్చాయన్నారు.

మన అసెంబ్లీకైతే గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, మిగతావాళ్లకు పదిమంది కావాలి. ఈసారి నామినేషన్ల పరిశీలన ముగిసిన సాయంత్రం నాన్నతో కలిసి రిటర్నింగ్ అధికారి ఆఫీసు నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లండి. వేసినవెన్నో, నిలిచినవెన్నో లెక్కపెట్టండి. పోయినవి ఎందుకు పోయాయో అడిగి, నాకు రాయండి.

మీ తాతయ్య