గోప్యత పేరిట మోస్తున్న బరువు: కౌన్సెలర్ల అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు జూనియర్ కళాశాలల్లో పనిచేసే కొత్త కౌన్సెలర్లను, ముఖ్యంగా ఇంటర్ ఫలితాల రోజుల్లో, కలిసినప్పుడల్లా ఒకే మాట వింటున్నాను: "క్లయింట్ చెప్పింది ఎవరికీ చెప్పకూడదు కదండీ, అందుకే సూపర్‌విజన్‌లో కూడా ఆ కేసు ఎత్తలేదు." సూపర్‌విజన్ అంటే అనుభవమున్న కౌన్సెలర్‌తో మన కేసులను సమీక్షించుకోవడం. అక్కడా నోరు విప్పకూడదనుకోవడం కంటే చేటు చేసే అపోహ మన వృత్తిలో మరొకటి లేదు.

గోప్యత క్లయింటు హక్కు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ ఆ హక్కును గుర్తిస్తూనే, చికిత్స అందించే ఇతర నిపుణులకు కావలసిన సమాచారం ఇవ్వడానికి, ప్రాణాపాయాన్ని నివారించడానికి అవసరమైన మేరకు చెప్పడానికి వీలు కల్పించింది. పిల్లలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం దానిని తెలియజేయడం మన విధి. కాబట్టి "ఎవరికీ చెప్పను" అని ఏ కౌన్సెలరూ మాట ఇవ్వకూడదు. ఈ హద్దులను, పేరూ ఊరూ బయటపెట్టకుండా సూపర్‌వైజర్‌తో చర్చిస్తామన్న సంగతిని తొలి సెషన్‌లోనే వివరించి సమ్మతి తీసుకోవడం, శ్రద్ధగా వినడంతో సమానమైన మౌలిక నైపుణ్యం.

ఫలితాల తరువాత ఒక యువ కౌన్సెలర్ రాత్రుళ్లు నిద్రపట్టక, ఒక విద్యార్థికి అర్ధరాత్రి దాకా తానే ఫోన్ చేస్తూ వచ్చింది. సూపర్‌విజన్ కోసం నా దగ్గరకు వచ్చినప్పుడు, "ఇక్కడ చెప్తే ఆ పిల్లవాడికి ద్రోహం చేసినట్టు కాదా, మేడమ్?" అని అడిగింది. "పేరు వద్దమ్మా, నీకేమవుతోందో చెప్పు" అన్నాను. కాసేపటికి, ఇంటర్ తప్పిన తన తమ్ముడే ఆ పిల్లవాడిలో కనిపిస్తున్నాడని తనంతట తానే గుర్తించింది. ఆ విద్యార్థికి రాత్రివేళ ఆసరాగా, 24 గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ఇచ్చి, తల్లిదండ్రులతో మాట్లాడడానికి అతని సమ్మతి తీసుకున్నాక, ఆమె అర్ధరాత్రి ఫోన్లు ఆపగలిగింది. సూపర్‌విజన్‌లో మనం పరిశీలించేది క్లయింటు కథను మాత్రమే కాదు, ఆ కథ మనలో కదిలించిన దానిని కూడా.

మిగిలిన అపోహలకు ఇంత చర్చ అక్కరలేదు. ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా అడిగితే అది కొత్తగా పుట్టుకురాదు, అడగకపోవడమే ప్రమాదం. సలహాలు ఇవ్వడమే కౌన్సెలింగ్ అన్నది వట్టి వదంతి. కౌన్సెలర్‌లో సహానుభూతి, షరతులు లేని ఆదరణ, నిజాయితీ ఉండాలని అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లోనే స్పష్టం చేశారు. అలసట అసమర్థతకు గుర్తు అనుకుని కుమిలిపోయేవారు ఒక్కటి గమనించాలి: ఇతరుల వేదనను రోజూ వినేవారికి అది వృత్తిపరంగా ఎదురయ్యే ప్రమాదమే. సెషన్ల మధ్య విరామం, రోజుకు చూసే కేసులపై పరిమితి ఉండాలని యాజమాన్యాన్ని అడగడంలో తప్పులేదు.

ఉదయగిరి వంటి చోట్ల సూపర్‌వైజర్ దొరకనివారు, ముగ్గురు నలుగురు తోటి కౌన్సెలర్లతో కలిసి నెలనెలా క్రమం తప్పకుండా కేసులు చర్చించుకోవచ్చు. అయితే కేసు వివరాలను వాట్సాప్ గ్రూపులో రాయకండి, స్టాఫ్‌రూమ్‌లో ప్రస్తావించకండి. గోప్యతకు నిజంగా భంగం కలుగుతున్నది అక్కడే.