మొటిమ మానాక మిగిలే మచ్చ

మొటిమ పది రోజుల్లో మానిపోతుంది. అది ఉన్నచోట గోధుమరంగు మచ్చ మాత్రం నెలల తరబడి కదలదు. తామర, దోమకాటు, కాలిన గాయం, మోటుగా చేసిన వ్యాక్సింగ్, ఏది తగ్గినా ఇదే తంతు. 2005-06లో చికున్‌గున్యా మన జిల్లాలను చుట్టేసినప్పుడు జ్వరం తగ్గాక కొందరి ముక్కు నల్లబడిపోయింది. చామనఛాయ, నలుపు చర్మం వాళ్లకు ఈ బెడద ఎక్కువ.

చర్మం పైపొర అడుగున మెలనోసైట్లనే కణాలు ఉంటాయి, చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసేవి ఇవే. ఎక్కడైనా చర్మం ఎర్రబడి వాచినప్పుడు అక్కడ ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రియీన్లు అనే రసాయనాలు విడుదలై ఈ కణాలను రెచ్చగొడతాయి. టైరోసినేజ్ అనే ఎంజైమ్ జోరందుకుని మెలనిన్ అవసరానికి మించి తయారవుతుంది, పక్క కణాల్లోకి చేరుతుంది. రంగు పైపొరలోనే ఉంటే మచ్చ గోధుమరంగులో కనిపిస్తుంది. పాత కణాలు రాలిపోయేకొద్దీ మెల్లగా పలచబడుతుంది, దానికి కొన్ని నెలలు పడుతుంది. వాపు గట్టిదైతే మెలనిన్ కింది పొరలోకి జారుతుంది. అక్కడి మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగి కడుపులో దాచుకుంటాయి. అలాంటి మచ్చ బూడిద, నీలం కలిసిన రంగులో ఉంటుంది, పోవడానికి ఏళ్లు పట్టినా పట్టవచ్చు. పూసే క్రీములు అంత లోతుకు పెద్దగా పనిచేయవు.

మెడికల్ షాపులో అందరూ ముందు అడిగేది మచ్చ పోయే క్రీమే. అసలు అది మూడో పని. మొదటిది మూలాన్ని ఆర్పడం. మొటిమలు వస్తూనే ఉంటే, చేయి ఊరుకోక గిల్లుతూనే ఉంటే, పాతది తగ్గేలోపు కొత్త మచ్చ తయారు. అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి రెటినాయిడ్లు (విటమిన్ ఎ జాతి మందులు) మొటిమనూ తగ్గిస్తాయి, కణాలు త్వరగా రాలేలా చేసి రంగునూ పలచబరుస్తాయి. అయితే మొదట్లోనే ఎక్కువ రాసేస్తే చర్మం మండి, ఆ మంటే మరో మచ్చ పెడుతుంది. గర్భిణులు వీటిని వాడకూడదు, వాళ్లకు డాక్టర్లు సాధారణంగా అజెలాయిక్ యాసిడ్ ఇస్తారు.

రెండోది ఎండ. అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా మన రంగు చర్మంలో మచ్చను ముదురు చేస్తుంది. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ ఆపుతుంది. పొద్దున ఒకసారి పూసి సాయంత్రం దాకా ఎండలో తిరిగితే లాభం లేదు, మధ్యలో మళ్లీ రాయాలి.

ఆ తర్వాతే రంగు తగ్గించే మందులు. నియాసినమైడ్ మెలనిన్ పక్క కణాలకు చేరకుండా అడ్డుపడుతుంది. హైడ్రోక్వినోన్ టైరోసినేజ్‌నే కట్టడి చేస్తుంది. 1975లో అమెరికాలో క్లిగ్మన్, విల్లిస్ అనే వైద్యులు హైడ్రోక్వినోన్‌కు ట్రెటినాయిన్, స్టెరాయిడ్ కలిపి ఒక మిశ్రమం ప్రకటించారు. ఈనాటి ‘మూడు మందుల’ ట్యూబులకు అదే మూలం. విచిత్రంగా అదే ఏడాది దక్షిణాఫ్రికా నుంచి ఇంకో నివేదిక వచ్చింది: హైడ్రోక్వినోన్ క్రీములు ఏళ్ల తరబడి రాసుకున్నవాళ్ల ముఖం నీలినలుపుగా మారిపోయిందని. దాన్నే ఓక్రోనోసిస్ అంటారు, మళ్లీ పోగొట్టడం చాలా కష్టం. అందుకే డాక్టర్లు దీన్ని కొన్ని నెలలకే పరిమితం చేస్తారు.

మన దగ్గర అంతకంటే పెద్ద చిక్కు ఆ ట్యూబులోని స్టెరాయిడ్. వారంలో ముఖం తేటపడుతుంది, పక్కింటావిడ కూడా అదే కొనుక్కుంటుంది. నెలలు వాడితే చర్మం పలచబడి ఎర్రటి రక్తనాళాలు తేలతాయి, మానేస్తే మంట. 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీములకు డాక్టర్ చీటీ తప్పనిసరి చేసింది. అయినా చీటీ లేకుండా ట్యూబు చేతిలో పెట్టే కౌంటర్లకు కొదవ లేదు.

నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే చర్మం కాలి, ఉన్న మచ్చకు తోడు కొత్తది వస్తుంది. లేజర్ ధర చూసి అదే గట్టి వైద్యం అనుకుంటారు గానీ, ముదురు చర్మంలో దాని వేడే మచ్చ పెట్టగలదు. చేయించుకోవాల్సివస్తే ముందు కనిపించని చోట చిన్న మేర చేసి, కొన్ని వారాలు ఆగి చూడమని డాక్టర్‌ను అడగండి.