పళ్ల డాక్టరు డ్రాయర్లో ట్రమడాల్: లెక్క ఎవరు రాయాలి?

శ్రీకాకుళంలో ట్రమడాల్ అనే గట్టి నొప్పి బిళ్ల లెక్క మీద పాత తగువు మళ్లీ రాజుకుంది. మెడికల్ షాపులవాళ్లది ఒకటే మాట: "మా రిజిస్టర్లు తిరగేస్తారు సరే, పళ్ల డాక్టర్ల డ్రాయర్లు ఎవరు తెరుస్తారు?" 2025 మార్చిలో రాష్ట్రమంతా 'ఆపరేషన్ గరుడ' పేరిట సోదాలు జరిగింది మెడికల్ షాపుల్లోనే మరి.

డాక్టర్ల జవాబు పొట్టిది. సొంత పేషెంటుకు మందిచ్చే వైద్యుడికి షెడ్యూల్ కె (మందుల నిబంధనల్లోని మినహాయింపుల జాబితా) కింద అమ్మకం లైసెన్సు అక్కర్లేదు; డెంటిస్టులూ ఆ లెక్కలోకే వస్తారు. దానికి తోడు 2023 మార్చి నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపిస్తారు. తమిళనాడులో ఒక చర్మవైద్యురాలి దగ్గర దొరికినవి కొద్దిపాటి మందులే, అది దుకాణం కాదంటూ కేసు కొట్టేశారు.

కానీ ఆ కేసు డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద పెట్టినది. ఇప్పటి గొడవకు మూలం ఆ తీర్పుకు ఐదేళ్ల ముందు, 2018లో ఉంది. 2014 మార్చి నుంచి ట్రమడాల్ అమ్మితే షాపువాడు హెచ్1 రిజిస్టర్లో (గట్టి నిఘా ఉన్న మందుల లెక్క పుస్తకం) రాసి మూడేళ్లు దాచాలి. అప్పట్లో అక్కడితో సరి. 2018 ఏప్రిల్ 26న అదే బిళ్ల మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికీ వచ్చింది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌తో తేలిపోయే వ్యవహారం పోలీసుల దాకా పోయేదైంది.

డాక్టర్ల ఇబ్బంది లేకపోలేదు. కవిటి, సోంపేట వైపు నుంచి దవడ వాచి వచ్చే మనిషికి కిడ్నీ జబ్బు ఉంటే, కిడ్నీలకు చేటు చేసే డైక్లోఫినాక్ రాయడానికి చెయ్యి రాదు. పారాసిటమాల్‌కు లొంగని నొప్పికి ట్రమడాల్ కాక ఇంకేం ఇస్తారు?

ఇవ్వొద్దని ఎవరూ అనలేదు, లెక్క రాయమన్నారు. షెడ్యూల్ కె ఇచ్చిన సడలింపు కిందే షరతులున్నాయి. లైసెన్సున్నవారి దగ్గరే కొనాలి, కొన్న మందు బ్యాచ్ నంబరుతో సహా లెక్క చూపాలి. షెడ్యూల్ హెచ్ మందైతే (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మేది) పేషెంటు పేరు, మోతాదు, తేదీ పుస్తకానికెక్కించి, ఆ వరస నంబరు మందు కవరు మీదా వేయాలి. ఆ పుస్తకం రెండేళ్లు ఉంచాలి.

కిందటేడు నాకు పన్ను పీకిన చోట (పేరు వద్దులెండి) అసిస్టెంటు అమ్మాయి స్ట్రిప్పు కత్తిరించి నాలుగు నొప్పి బిళ్లలు కవర్లో వేసింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని పెన్నుతో గీతలు పెట్టింది. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క తిరిగి డ్రాయర్లోకి పోయింది. బల్ల మీద పుస్తకమైతే ఉంది. అందులో ఫీజు రాసుకున్నారు.