రహస్య అర తెరుచుకోవడం లేదా? ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి

దీపావళి దాటి నాలుగు వానలు పడగానే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. "ఆచారి గారూ, పెట్టె పాడైపోయింది. లోపలి అర తెరుచుకోవడం లేదు." పోయిన కార్తీకంలో ఒక్క వారంలోనే ఇలాంటి ఫోన్లు ఆరు వచ్చాయి. వాళ్లలో నలుగురు నాకు చెప్పేలోపే ఏదో ఒకటి చేసేశారు. ఒకరు కొబ్బరినూనె పోశారు. ఒకరు హెయిర్ డ్రైయర్ పెట్టారు. ఇద్దరు స్క్రూడ్రైవర్ దూర్చారు.

చెన్నైలో పాతకాలపు నమూనాలో గల్లాపెట్టెలు, రాతబల్లలు, నగల పెట్టెలు రహస్య అరలతో చేయడం నా పని. నెల్లూరు నుంచి వచ్చిన మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. మా వాడుకదార్లకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది ఈ తెరుచుకోని అర గురించిన అపోహే. అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

అపోహ: అర కదలడం లేదంటే లోపలి మర విరిగినట్టే. ఎలాగోలా లాగి తీయాలి.

నూటికి తొంభై సార్లు ఏదీ విరిగి ఉండదు. కర్ర ఉబ్బి ఉంటుంది, అంతే. టేకు మంచి కర్ర, మిగతావాటితో పోలిస్తే తక్కువ కదులుతుంది. అయినా పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి నారకు అడ్డంగా 5 నుంచి 6 శాతం దాకా తగ్గుతుంది. నార వెంట పొడవులో వచ్చే తేడా లెక్కలోకి రాదు. బాగా ఎండిన కర్ర కూడా చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను తీసుకుంటూ, వదులుతూనే ఉంటుంది. ఏసీ గదిలో 10 శాతం తేమతో ఉన్న పలక మన వానాకాలంలో 14 శాతానికి వెళ్లిందనుకోండి, 40 సెంటీమీటర్ల వెడల్పు మీద 3 మిల్లీమీటర్ల దాకా పెరగగలదు. రహస్య అర చుట్టూ నేను వదిలే సందు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఎక్కువ వదిలితే గీత కనబడుతుంది, ఇక రహస్యం ఎక్కడిది?

అందుకే అర ముఖాన్ని ఇరుకుగా కోస్తాం, వెడల్పు పలకల్ని జిగురు లేకుండా గాడిలో వదిలేస్తాం. అయినా పది రోజులు వరసగా ముసురు పట్టి, పెట్టె చెమ్మ గోడకు ఆనుకుని ఉంటే ఏదో ఒక మూల బిగుసుకుంటుంది.

ఇప్పుడు లోపల ఏముందో చూడండి. నేను చేసే చాలా పెట్టెల్లో అరను పట్టి ఉంచేది వెదురు బద్దతో చేసిన స్ప్రింగ్. ఒక కొన బిగించి ఉంటుంది, రెండో కొన అర అడుగున ఉన్న గాడిలో కూర్చుంటుంది. మీరు మీట నొక్కితే ఆ కొన కిందికి వంగి అర జారుతుంది. పలక ఉబ్బినప్పుడు ఆ కొన గాడిలో నలిగి ఇరుక్కుంటుంది, మీట గట్టిగా అనిపిస్తుంది. అక్కడే ఆగాలి. ఇంకా గట్టిగా నొక్కితే బద్ద విరుగుతుంది. కర్ర ఉబ్బడం నెల రోజుల సమస్య. బద్ద విరిగితే వెనక పలక విప్పి, జాయింట్లు కొన్ని ఊడదీసి, మళ్లీ పాలిష్ దాకా చేయాల్సిందే. పోయిన ఏడాది అలా వచ్చిన ఒక గల్లాపెట్టెకు పదకొండు రోజులు పట్టింది. స్క్రూడ్రైవర్ దిగిన చోట రోజ్‌వుడ్ రేకు, అంటే పైన అతికే పలుచని చెక్క పొర, లేచిపోయింది. ఎంత జాగ్రత్తగా అతికినా ఆ మచ్చ నాకు కనబడుతూనే ఉంది.

నూనె సంగతి మరీ అన్యాయం. కొన్ని పెట్టెల్లో స్ప్రింగ్ ఉండదు, చిన్న ఇత్తడి చీల ఉంటుంది. పెట్టెను వెనక్కి వంచితే చీల తన బరువుకు తానే జారి దారి వదులుతుంది. అందులో నూనె పోస్తే దుమ్ము చేరి జిగురులా తయారవుతుంది, చీల ఇక జారదు. బాగున్న మరను మన చేత్తో మనమే చెడగొట్టుకున్నట్టు. హెయిర్ డ్రైయర్ వేడికి లక్క పాలిష్ మెత్తబడుతుంది, పై రేకు పగుళ్లిస్తుంది.

చిత్రిక పట్టి పలకను కొంచెం తగ్గించేయమని అడిగేవాళ్లూ ఉన్నారు. కుర్రతనంలో నేనూ ఆ తప్పు చేశాను. నవంబరులో ఒక నగల పెట్టె బిగుసుకుపోయిందని తెస్తే, నాన్న ఊళ్లో లేని సమయం చూసి రెండు వైపులా చిత్రిక పట్టి పంపించాను. మే నెలలో అదే పెట్టె మళ్లీ వచ్చింది. అర లొడలొడ ఊగుతోంది, స్ప్రింగ్ కొన గాడికి అందడం లేదు, ముట్టుకుంటే రహస్యం తెరుచుకుంటోంది. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. కొత్త పలక కోసి నా చేతికిచ్చారు.

మరి ఏం చేయాలి? పెట్టెను గోడ నుంచి జానెడు దూరం జరపండి. పక్క సొరుగులు తీసేసి ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో రోజూ కాసేపు పెట్టండి. రెండు మూడు వారాలు ఓపిక పట్టండి. తెరుచుకున్నాక కర్రకు కర్ర రాసుకునే చోట మామూలు కొవ్వొత్తి రుద్దండి, చాలు. లోపల ఉన్నది అంత అత్యవసరమైతే చేసినవాణ్ని పిలవండి. ప్రతి పెట్టెకూ వెనక నుంచి ఒక దారి వదులుతాను.

ఆ దారి విలువ నాకు అన్నానగర్‌లో ఒకావిడ ఇంట్లో తెలిసింది. వాళ్లాయన నా దగ్గర రాతబల్ల చేయించుకున్నారు. ఆయన హఠాత్తుగా పోయారు. ఇంటి పత్రాలు, ఇన్సూరెన్స్ బాండు అందులోనే ఉన్నాయని ఆవిడకు తెలుసు, ఎలా తీయాలో తెలియదు. డిసెంబరు నెల, బల్ల బిగుసుకుని ఉంది. రంపంతో కోసేద్దామని మరిది తొందరపెడుతున్నాడు. ఆవిడ వణుకుతున్న గొంతుతో ఫోన్ చేసింది. "ఎవరూ ముట్టుకోవద్దమ్మా, వస్తున్నా" అని బయల్దేరాను. నేను చేసిన ప్రతి పెట్టెకూ నా నోటుబుక్కులో ఒక పేజీ ఉంటుంది, బొమ్మతో సహా. వెనక నాలుగు ఇత్తడి స్క్రూలు తీస్తే పావుగంటలో పని అయిపోయింది. ఆవిడ బాండు వైపు చూడలేదు. కాగితాల మధ్య ఆయన చేత్తో రాసిన కిరాణా చీటీ ఒకటి ఉంటే, ముందు అది తీసి చదువుకుంది.

కాబట్టి రెండో అపోహ కూడా ఇక్కడే చెబుతాను. రహస్యం ఒక్కరికే తెలిస్తే భద్రం అనుకుంటారు. అప్పటి నుంచి తెరిచే పద్ధతి రాసి రెండు కవర్లు ఇస్తున్నాను. ఒకటి చేయించుకున్నవాళ్లకు, ఇంకొకటి వాళ్లు నమ్మిన మనిషికి. రెండో పేరు చెప్పకపోతే పని మొదలుపెట్టను.

మిగతావి త్వరగా చెబుతాను.

రహస్య అర ఇనప్పెట్టె లాంటిది కాదు. కంటికి కనబడకుండా దాస్తుంది తప్ప నిప్పును, చెదను, పెట్టెతో సహా మోసుకుపోయే దొంగను ఆపలేదు. బంగారం బ్యాంకు లాకర్లో పెట్టండి. పైగా కాస్త తెలిసినవాడు టేపుతో బయటి లోతు, సొరుగు లోతు కొలిస్తే చాలు, తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది.

మాగ్నెట్లు వచ్చాకే ఇలాంటివి సాధ్యమయ్యాయని కొందరంటారు. జర్మనీలో డేవిడ్ రోంట్‌గెన్ (1743–1807) చేసిన బల్లల్లో, బీరువాల్లో తాళం తిప్పితే, మీట నొక్కితే సొరుగులు వాటంతటవే బయటికొస్తాయి. అన్నీ స్ప్రింగులు, బరువుల మీద నడిచేవే.

విశాఖపట్నం పనితనం నమూనా అడిగేవాళ్లు దంతం పొదగమంటారు. 18వ శతాబ్దంలో అక్కడి పనివాళ్లు కుంపినీ దొరల కోసం దంతంతో చేసిన సామాన్లు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ పని చూస్తే మనవాళ్ల చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది. కానీ ఇవాళ ఏనుగు దంతం వ్యాపారం నేరం. నేను వాడేది గేదె ఎముక, ఒంటె ఎముక. ఎవరైనా కొత్త పెట్టె మీద అసలు దంతం అంటే అక్కడి నుంచి వచ్చేయండి.

చివరిగా, పాతగా కనబడేదంతా యాంటిక్ కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటి వస్తువుకు కనీసం 100 ఏళ్లు ఉంటేనే ఆ పేరు. నేను చేసేది కొత్తది, పాత పద్ధతిలో చేసింది. ప్రతి రహస్య అర అడుగున చేసిన సంవత్సరం ఉలితో చెక్కుతాను. కిందటేడాది ఒకాయన వచ్చి ఆరు రాతబల్లలు కావాలన్నారు, సంవత్సరం మాత్రం చెక్కొద్దన్నారు. అడ్వాన్సు అక్కడికక్కడే తిరిగి ఇచ్చేశాను.