మార్చిలో వచ్చే ఉత్తరం: అమెరికా ఇండిపెండెంట్ స్కూళ్లలో శ్వేతేతర టీచర్లు

1953 మార్చిలో కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో ఒక నల్లజాతి టీచరుకు స్కూళ్ల సూపరింటెండెంట్ నుంచి ఉత్తరం వచ్చింది. తెల్లపిల్లలకూ నల్లపిల్లలకూ వేరువేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు అంటే, వచ్చే ఏడాది తెల్లపిల్లలకు పాఠం చెప్పడానికి నీగ్రో టీచర్లను పెట్టుకోవడం ఊళ్లో ఎక్కువమందికి ఇష్టం ఉండదు, కాబట్టి నీ కాంట్రాక్ట్ పొడిగించడం లేదు అన్నది దాని సారాంశం. వేరు బడులే కొనసాగితే మళ్లీ మాట్లాడుకుందాం అని ఒక మాట. ఏం జరిగినా చివరికి అందరికీ మంచే జరుగుతుందని నమ్ముతున్నాను అని ఇంకో మాట. వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు చివరికి తేల్చిన బ్రౌన్ కేసు మొదలైంది ఈ టొపీకాలోనే. తీర్పు వచ్చింది 1954 మే 17న. ఉత్తరం అంతకు పద్నాలుగు నెలల ముందే వచ్చేసింది.

తీర్పు తర్వాత దక్షిణాదిలో చాలాచోట్ల నల్లజాతి బడులను మూసి పిల్లలను తెల్లవాళ్ల బడులకు పంపారు. టీచర్లను మాత్రం పంపలేదు. 1954 నుంచి 1965 వరకు 17 దక్షిణ, సరిహద్దు రాష్ట్రాల్లో దాదాపు 38,000 మంది నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారన్నది ఎక్కువగా వినిపించే అంచనా. పిల్లలను కలిపి, పెద్దలను బయట నిలబెట్టిన ఈ పద్ధతి ప్రభుత్వ బడులతో ఆగలేదు. ఇండిపెండెంట్ స్కూళ్లనే ప్రైవేటు బడుల్లోనూ ఇలాంటి వరసే నడిచింది. ఇప్పుడు శ్వేతేతర టీచర్ల అలసట గురించీ, ఒంటరితనం గురించీ జరుగుతున్న చర్చకు మూలం అక్కడుంది.

ముందు ఇండిపెండెంట్ స్కూల్ అంటే ఏమిటో చూద్దాం. మన కార్పొరేట్ కాలేజీలను మనసులో పెట్టుకుంటే దారి తప్పుతాం. ఇవి లాభాపేక్ష లేని సంస్థలు. యజమాని ఉండడు, ట్రస్టీల బోర్డు ఉంటుంది. ఆ బోర్డులో సగానికి సగం ఆ బడి పిల్లల తల్లిదండ్రులో, పూర్వ విద్యార్థులో ఉండడం మామూలే. ఖర్చు ఫీజుల మీద, విరాళాల మీద, మూలనిధి మీద వచ్చే రాబడి మీద నడుస్తుంది. టీచరుకు ప్రభుత్వ సర్టిఫికెట్ ఉండాలన్న నియమం చాలా రాష్ట్రాల్లో వీటికి లేదు. యూనియన్ ఉన్నవి అరుదు, ప్రభుత్వ టీచర్లకుండే టెన్యూర్ (ఉద్యోగ భద్రత) లేదు, జీతాల స్కేలు గోడ మీద అంటించరు. ఉద్యోగం ఏడాది కాంట్రాక్ట్ మీద నడుస్తుంది. ఆ కాగితం సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికొస్తుంది. వీటి జాతీయ సంఘం ఎన్‌ఏఐఎస్, అంతకుముందున్న రెండు సంఘాలు కలిసి 1962లో ఏర్పడింది.

ఆ కాలానికి ఈ బడుల్లో రెండు ధోరణులు పక్కపక్కనే కనిపిస్తాయి. వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ డే స్కూల్ 1945లో పుట్టినప్పటి నుంచే అన్ని జాతుల పిల్లలనూ చేర్చుకుంది. అట్లాంటాలో లవెట్ స్కూల్ 1963లో మార్టిన్ లూథర్ కింగ్ కొడుకుకే సీటు లేదంది. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే కలిపి నడపడం ఇష్టంలేక 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. తెల్లపిల్లల కోసం ఒక ప్రైవేటు అకాడమీ లేచింది, నల్లపిల్లలు ఇళ్లల్లో కూర్చున్నారు. ఇలాంటి అకాడమీలు దక్షిణాది అంతటా లేచాయి. జాతి వివక్ష చూపే ప్రైవేటు బడికి పన్ను మినహాయింపు లేదని కేంద్ర పన్నుల శాఖ 1970లో ప్రకటించింది, 1983లో సుప్రీంకోర్టు బాబ్ జోన్స్ కేసులో ఆ విధానాన్ని ఖాయం చేసింది. ఈలోగా 1976లో రన్యన్ కేసులో, ప్రైవేటు బడి కూడా జాతి కారణంగా అడ్మిషన్ నిరాకరించకూడదని తేల్చింది. దానికి ఆధారం 1866 నాటి పౌరహక్కుల చట్టం. ఒప్పందం చేసుకునే హక్కు అందరికీ సమానమని అది అంటుంది. ఆ పాత చట్టం ఈ కథలో మళ్లీ వస్తుంది, అటువైపు నుంచి.

నల్లజాతివాళ్లు తామే నడుపుకున్న రెసిడెన్షియల్ బడులు కూడా ఉండేవి. నార్త్ కరోలినాలో షార్లెట్ హాకిన్స్ బ్రౌన్ 1902లో స్థాపించిన పామర్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ వాటిలో పేరున్నది. 1971లో అది మూతపడింది. మిసిసిపిలో 1909లో మొదలైన పైనీ వుడ్స్ స్కూల్ లాంటివి ఒకటీ అరా మిగిలాయి. ఇది లెక్కల్లోకి రాని నష్టం. నల్లజాతి టీచరు తనలాంటి సహోద్యోగుల మధ్య, ప్రిన్సిపాల్ కూడా తనవాడే అయిన చోట పనిచేసే అవకాశం అలా సన్నగిల్లింది.

ఉత్తరాది పేరున్న బడులు 1963లో కలిసి ఒక పథకం పెట్టాయి. తర్వాత దాని పేరు ఎ బెటర్ ఛాన్స్ అయింది. పేదింటి ప్రతిభావంతులైన, ఎక్కువగా నల్లజాతి పిల్లలను ఏరి, 1964 వేసవిలో డార్ట్‌మత్ కాలేజీలో తర్ఫీదిచ్చి బోర్డింగ్ స్కూళ్లకు పంపారు. న్యూయార్క్‌లో ప్రెప్ ఫర్ ప్రెప్ 1978లో వచ్చింది. తర్వాత మసాచుసెట్స్ గవర్నరైన డెవాల్ పాట్రిక్ ఇలా షికాగో సౌత్ సైడ్ నుంచి మిల్టన్ అకాడమీకి వెళ్లినవాడే. ఆయన చాలాసార్లు చెప్పిన సంగతి ఒకటుంది. తెచ్చుకోవాల్సిన దుస్తుల జాబితాలో జాకెట్ అని ఉంది. వాళ్ల పేటలో జాకెట్ అంటే గాలి ఆపే పైచొక్కా. ఇంట్లోవాళ్లు ఖర్చుకు వెనకాడకుండా కొత్తది కొనిచ్చారు. తీరా క్లాసులు మొదలైన రోజు చూస్తే మిగతా కుర్రాళ్లంతా బ్లేజర్లు, ట్వీడ్ కోట్లు తొడుక్కున్నారు.

ఆ పిల్లాడి పక్కన కూర్చుని ఇక్కడ జాకెట్ అంటే ఇది బాబూ అని చెప్పే పెద్దమనిషి ఎవరు? పథకంలో పిల్లలకు స్కాలర్‌షిప్ ఉంది, ఆ పనికి పోస్టు లేదు. కాబట్టి బడిలో ఒకరో ఇద్దరో నల్లజాతి టీచర్లుంటే అది వాళ్ల నెత్తిన పడింది. ఎవరూ అప్పగించలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు.

ఈ పని ఎంతో లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఊహకు ఒక బోర్డింగ్ స్కూల్ టీచరును తీసుకుందాం. నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు 15 మంది. సలహాదారుగా పది మంది పిల్లల బాధ్యత. ఒక సీజన్ ఆటల కోచింగ్, వారంలో ఒక రాత్రి డార్మ్ (పిల్లల హాస్టల్) డ్యూటీ. ఇంతవరకు తెల్ల సహోద్యోగికీ ఇదే. దీనిపైన డైవర్సిటీ కమిటీ, అంటే బడిలో అన్ని జాతులవారికీ చోటుండేలా చూసే కమిటీ, వారానికి గంట. శ్వేతేతర విద్యార్థుల సంఘానికి సలహాదారుగా గంట. ఉద్యోగానికి వచ్చిన శ్వేతేతర అభ్యర్థి ఎవరైనా సరే వాళ్లతో భోజనం, ఏ సబ్జెక్టయినా సరే. బ్రోషర్ ఫోటో. మెయిల్ రాసేముందు ఇందులో తప్పేమీ లేదుగా అని చూపించుకునే సహోద్యోగి. ఇక తలుపు తట్టి ఏమీ లేదు సార్, ఊరికే వచ్చాను అంటూ కూర్చునే పిల్లలు. అన్నీ కలిపి వారానికి ఐదు గంటలనుకుంటే, 36 వారాల విద్యా సంవత్సరానికి 180 గంటలు. అంటే నలభై గంటల వారాలు నాలుగున్నర.

యూనివర్సిటీల్లో ఇలాంటి అదనపు భారానికి 1994లో పరిశోధకుడు అమాడో పడియా సాంస్కృతిక పన్ను అని పేరు పెట్టారు. 2016లో అప్పటి విద్యాశాఖ మంత్రి జాన్ కింగ్ స్కూల్ టీచర్ల విషయంలో దాన్నే కనిపించని పన్ను అన్నారు. మరోవైపు విలియం స్మిత్ అనే పరిశోధకుడు 2003లో, నిత్యం ఎదురయ్యే చిన్నచిన్న అవమానాలు ఒంటినీ మనసునూ అరగదీసే తీరును యుద్ధంలో వచ్చే అలసటతో పోల్చారు. మొదటిది పని భారం, రెండోది గాయం. బడులు ఈ రెంటినీ కలిపేసి యోగా క్లాసు, ధ్యానం యాప్ ఇచ్చి ఊరుకోవడం మామూలైంది. 180 గంటల పనికి ధ్యానం మందు కాదు. ఒక సెక్షన్ తగ్గించడమో, భత్యం ఇవ్వడమో మందు.

బడి లోపల నలుగురు లేనప్పుడు బయట వెతుక్కోవడం సహజం. 1980ల రెండో సగంలో ఎన్‌ఏఐఎస్ పీపుల్ ఆఫ్ కలర్ కాన్ఫరెన్స్ మొదలుపెట్టింది. తర్వాత విద్యార్థులకూ దానికి జోడుగా ఒక సదస్సు వచ్చింది. ఏటా నవంబర్ చివర్లోనో డిసెంబర్ మొదట్లోనో ఏదో ఒక నగరంలో వేలమంది కలుస్తూ వచ్చారు. ప్రసంగాలు ఎలా ఉన్నా అందరూ గుర్తుపెట్టుకునేది అఫినిటీ సెషన్లను. ఒకే నేపథ్యం ఉన్నవాళ్లు ఒక గదిలో చేరే సమావేశమది. తన బడిలో తానొక్కరే అయిన టీచరు తనలాంటివాళ్లు వందలమంది ఉన్న హాల్లో కూర్చుంటారు. భారతీయ మూలాలవాళ్లు సాధారణంగా ఆసియా లేదా దక్షిణాసియా గదికి వెళ్తారు. పోకిస్ (పీపుల్ ఆఫ్ కలర్ ఇన్ ఇండిపెండెంట్ స్కూల్స్) అనే పేరుతో న్యూయార్క్‌లో, ఉత్తర కాలిఫోర్నియాలో ప్రాంతీయ బృందాలు ఏర్పడ్డాయి. టీచర్ల సరఫరా పెంచడానికి ఆండోవర్‌లోని ఫిలిప్స్ అకాడమీ 1990లో ఒక ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. శ్వేతేతర డిగ్రీ విద్యార్థులను బోధన వైపు, పైచదువుల వైపు తీసుకెళ్లడం దాని పని.

సదస్సు మూడు నాలుగు రోజుల ముచ్చట. మిగతా ఏడాది నిలబెట్టేది సొంత బడిలో, పక్క బడుల్లో నడిచే చిన్న గ్రూపు. అది చాలాచోట్ల రెండో టర్ముకే ఆగిపోతుంది, కారణాలు కూడా దాదాపు ఒకటే. భోజనాల వేళ పెడితే కేఫెటీరియా డ్యూటీ ఉన్నవాళ్లు రాలేరు. సాయంత్రం పెడితే కోచ్‌లు, డార్మ్‌వాళ్లు రారు. పనివేళల్లోనే, నెలకొకసారి 60 నుంచి 75 నిమిషాలు, ఏడాది క్యాలెండర్‌లో ఆగస్టులోనే అచ్చయితే నిలుస్తుంది. నడిపే మనిషికి భత్యం ఉండాలి, లేకపోతే ఆ గ్రూపే ఇంకో కనిపించని పన్ను అవుతుంది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు హెడ్ ఆఫ్ స్కూల్ ఏం మాట్లాడుకున్నారో నోట్స్ పంపండి అనడం. ఆ మాట ఒక్కసారి వచ్చిందంటే తర్వాతి సమావేశంలో వాతావరణం గురించి, సినిమాల గురించే మాట్లాడతారు. సభ్యులు తామే కలిసి రాసి, పేర్లు లేకుండా ఇచ్చే రెండు మూడు డిమాండ్లు మాత్రమే పైకి వెళ్లాలి. ముగ్గురికన్నా తక్కువ ఉంటే పేర్లు తీసేసినా ఎవరన్నారో తెలిసిపోతుంది. అక్కడ నాలుగైదు బడులు కలిసి ఒకే గ్రూపు నడపడం మేలు, నడిపేవాళ్లు వేరే బడి నుంచి వస్తే ఇంకా మేలు.

2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగిన కొద్ది వారాలకే ‘బ్లాక్ ఎట్’ (Black@) అని మొదలై బడి పేరుతో ముగిసే ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు పుట్టుకొచ్చాయి. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, కొన్నిచోట్ల టీచర్లు పేరు చెప్పకుండా అనుభవాలు రాశారు. బడులు క్షమాపణలు చెప్పాయి, డైవర్సిటీ డైరెక్టర్ల పోస్టులు వేశాయి. తరచుగా ఆ పోస్టులో కూర్చున్నది అంతకుముందు ఉచితంగా ఆ పని చేసిన మనిషే. పేరు పెరిగింది, బడ్జెట్టూ కింద మనుషులూ చాలామందికి రాలేదు.

తర్వాత గాలి తిరిగింది. యూనివర్సిటీ అడ్మిషన్లలో జాతిని పరిగణించడాన్ని సుప్రీంకోర్టు 2023 జూన్ 29న కొట్టేసింది. అంతకుముందే, జాతి వారీ అఫినిటీ సమావేశాల మీద మసాచుసెట్స్‌లోని వెల్‌స్లీ ఊరి ప్రభుత్వ బడులపై 2021లో కేసు పడి, 2022లో రాజీతో ముగిసింది. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వం డైవర్సిటీ కార్యక్రమాలకు వ్యతిరేకంగా ఉత్తర్వులిచ్చింది. కేంద్ర నిధులు తీసుకోని ఇండిపెండెంట్ స్కూలుకు 1964 పౌరహక్కుల చట్టంలో జాతి వివక్షను నిషేధించే ఆరో అధ్యాయం వర్తించదు. ఉద్యోగాల గురించిన ఏడో అధ్యాయం మాత్రం 15 మంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రతిచోటా ఉంది. 1866 నాటి చట్టమూ ఉంది. నల్లపిల్లలకు తలుపు తెరిచిన ఆ చట్టాన్నే ఇప్పుడు జాతి ఆధారిత కార్యక్రమాలకు వ్యతిరేకంగా ఎత్తి చూపుతున్నారు. అందుకే లాయర్ల సలహా మీద చాలా గ్రూపులు తమ ఆహ్వానంలో మాట మార్చుకున్నాయి. ఫలానా జాతివాళ్లకు అనేచోట ఫలానా విషయంపై ఆసక్తి ఉన్న అందరికీ అని రాస్తున్నారు.

ఇక్కడ మన తెలుగువాళ్లకు పనికొచ్చే పక్కమాట ఒకటి. హెచ్1బీ మీద ఈ బడుల్లో చేరాలనుకునేవారికి ఏటా ఇచ్చే వీసాల సంఖ్య మీదున్న పరిమితి నుంచి యూనివర్సిటీలకున్న మినహాయింపు మామూలు స్కూలుకు దొరకదు, లాటరీలో నిలబడాల్సిందే. రిజిస్ట్రేషన్ మార్చిలో, వీసా అమల్లోకి వచ్చేది అక్టోబర్ 1న. బడి తెరిచేది ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్ మొదట్లోనో. బయటినుంచి తెచ్చుకునే కొత్త హెచ్1బీకి లక్ష డాలర్ల రుసుమని 2025 సెప్టెంబర్‌లో ప్రకటన వచ్చింది, చిన్న బడులకు అది మోయలేని భారం. వీసా బడి చేతిలో ఉన్న టీచరుకు కమిటీ వద్దు అనడం మరీ కష్టం.

చివరికి అన్నీ ఆ మార్చి కాగితం దగ్గరికే వస్తాయి. కాంట్రాక్టుల్లో సాధారణంగా విధుల జాబితా కింద ‘అప్పగించే ఇతర పనులు’ అని ఒక వాక్యం ఉంటుంది. కనిపించని పన్ను ఆ వాక్యంలో దాక్కుంటుంది. సంతకానికి ముందే నిరుడు చేసిన అదనపు పనులను గంటలతో సహా ఒక పేజీలో రాసి, వచ్చే ఏడాది వీటిలో ఏవి ఉంటాయి, ఏ సెక్షన్ తగ్గుతుంది, ఎంత భత్యం అని మెయిల్‌లో అడిగి, జవాబును కాంట్రాక్టుకు జతచేయమనాలి. పక్క టీచరుకు ఎంత ఇస్తున్నారో అడగడానికి వెనకాడక్కర్లేదు. జీతాల గురించి మాట్లాడుకోవడాన్ని యాజమాన్యం నిషేధించకుండా 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం అడ్డుకుంటుంది. చర్చిల ఆధ్వర్యంలోని బడులకూ, సూపర్‌వైజర్ హోదా ఉన్నవాళ్లకూ మాత్రం ఆ రక్షణ లేదు. డిపార్ట్‌మెంట్ హెడ్ అని పదోన్నతి వస్తే, సంతకం చేసేముందు ఈ సంగతీ చూసుకోవాలి.