గాలి పీల్చే పైపు, దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్

ఇంజన్‌లో ఆయిల్ ఎక్కడ కారినా దాదాపుగా బండి కింద మరక కనిపిస్తుంది. కానీ ఒక చోట లీకైతే చుక్క కూడా బయటికి రాదు. అడుగున ఛాంబర్‌లో ఉన్న ఆయిల్‌ని పంపుకి అందించే సక్షన్ పైపు జాయింటు అది. అక్కడ ఆయిల్ బయటికి పోదు, గాలే లోపలికి దూరుతుంది.

పంపు ఆయిల్‌ని లాగుతుంది అంటాం. నిజానికి లాగేదేమీ లేదు. పంపు తిరుగుతూ తన నోటి దగ్గర పీడనం తగ్గిస్తుంది, ఛాంబర్‌లో ఆయిల్ మీద ఉన్న గాలి ఆ ఆయిల్‌ని పైపులోకి తోస్తుంది. ఆ తోపుడు మహా అయితే సుమారు 1 బార్, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత. ఎంత ఖరీదైన పంపు పెట్టినా అంతకు మించి రాదు. దానికి తోడు వేడెక్కిన ఆయిల్ కంటే గాలి వందల రెట్లు పలచన. జాయింటులో సన్నని సందు దొరికితే చాలు, ఆయిల్ కంటే ముందు గాలే వచ్చేస్తుంది. పొలంలో మోటారు పెట్టుకున్న ప్రతి రైతుకీ ఇది తెలుసు: సక్షన్ పైపు ఎక్కడో చీలితే మోటారు హోరున తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం పడవు.

ఇంజన్‌లో ఆ గాలి చేసే నష్టం తెలియాలంటే బేరింగు లోపల ఏం జరుగుతుందో చూడాలి. 1883 ప్రాంతంలో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు బేరింగుల మీద ప్రయోగాలు చేశాడు. ఆయిల్ పోద్దామని బేరింగు పైభాగంలో రంధ్రం చేస్తే, ఇరుసు తిరుగుతున్నప్పుడు ఆ రంధ్రంలోంచి ఆయిల్ పైకి ఉబికి వచ్చింది. చెక్క బిరడా కొట్టి మూస్తే దాన్నీ బయటికి తోసేసింది. తిరిగే ఇరుసు తనంతట తానే ఆయిల్‌ని ఇరుకు సందులోకి ఈడ్చుకుని, అంత పీడనం పుట్టించి, దాని మీద తేలుతోందన్నమాట. దీని గణితాన్ని 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ రాసిపెట్టాడు. నేటి కారు ఇంజన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్టు, తేలేది కూడా ఇలాగే, సుమారు 0.05 మిల్లీమీటర్ల సందులో. ఆయిల్ నొక్కితే నొక్కుబడదు కాబట్టి ఆ పొర నిలుస్తుంది. గాలి బుడగలు కలిసిన ఆయిల్ నలిగిపోతుంది. పొర చెదిరి లోహం లోహాన్ని తాకితే ఇంజన్ పట్టేస్తుంది.

ఈ పైపుని కదలకుండా పట్టుకోవడం ఎంత కష్టమో అమెరికా కంపెనీ షెవ్రొలే ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్లు చూపిస్తాయి. 1955లో వచ్చిన స్మాల్-బ్లాక్‌లో పైపుని పంపు రంధ్రంలోకి బిగుతుగా కొట్టి దించుతారు, అంతే. దాన్ని పట్టి ఉంచేది రాపిడి ఒక్కటే. అది ఊడి ఛాంబర్‌లో పడితే పంపుకి ఇక ఆయిలే అందదు. అందుకే రేసు ఇంజన్లు కట్టేవాళ్లు దాన్ని వెల్డింగు చేస్తారు, లేదా పంపు మూత బోల్టుకి చిన్న బ్రాకెట్ కట్టి పైపుని బంధిస్తారు. నాకైతే బ్రాకెట్టే మేలనిపిస్తుంది. వెల్డింగు వేడికి పంపు లోపల అదనపు పీడనాన్ని వదిలేసే రిలీఫ్ వాల్వు స్ప్రింగు బిగువు పోతుంది, ముందే విప్పి తీయడం మరిస్తే పంపు పాడైనట్టే.

1997లో షెవ్రొలే కార్వెట్ కారుతో వచ్చిన ఎల్ఎస్1 ఇంజన్‌లో పద్ధతి మారింది. పంపు క్రాంక్ ముందు కొనకి చేరింది, జాయింటులో రబ్బరు ఓ-రింగు వచ్చింది. కానీ ఆ జాయింటుని బిగించే బోల్టు ఒక్కటే, అదీ ఒక పక్కనే. రెండో పక్క పట్టు లేదు. పైపు ఊగితే దాని చివర ఉన్న బిగింపు పళ్లెం (ఫ్లాంజి) ఆ పక్కన పైకి లేవాలని చూస్తుంది, ఓ-రింగు మీద నొక్కు ఒక వైపు తగ్గుతుంది. 6000 ఆర్‌పీఎమ్ దగ్గర వీ8లో సెకనుకు 400 సార్లు మంట అంటుకుంటుంది. ఆ కుదుపులన్నీ పైపుకి చేరతాయి.

అందుకే పైపు మధ్యలో ఒక బ్రాకెట్ ఉంటుంది, దాన్ని క్రాంక్‌షాఫ్టు బేరింగుని పట్టి ఉంచే మెయిన్ క్యాప్ స్టడ్డుకి నట్టుతో బిగిస్తారు. అది మోసే బరువు పెద్దగా ఏమీ లేదు. అది చేసే అసలు పని ఆధారం లేని పొడవుని తగ్గించడం. ఒకే రకం పైపుని ఒకే తీరులో పట్టి పొడవు సగం చేస్తే, దాని సహజ కంపన వేగం నాలుగు రెట్లవుతుంది. ఇంజన్ కుదుపుల లయకి పైపు లయ కలిసే ప్రమాదం అంత దూరం జరుగుతుంది. ఇది చాలదనుకున్నవాళ్లు ఫ్లాంజి రెండో పక్కని కూడా అదిమిపట్టే ముక్క ఒకటి అదనంగా బిగిస్తారు.

ఓ-రింగు నలిగిందన్న అనుమానం వస్తే ఇంజన్ విప్పకుండానే చూసుకునే ఉపాయం ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. ఆయిల్ కాస్త ఎక్కువ పోసి, బండి ముక్కు పల్లానికి ఉండేలా నిలిపి, ఐడిల్‌లో నడుపుతారు. జాయింటు ఆయిల్‌లో మునిగితే అక్కడ గాలికి చోటుండదు. పడిపోయిన ఆయిల్ ప్రెషరు అప్పుడు లేస్తే దొంగ దొరికినట్టే. తర్వాత ఆ అదనపు ఆయిల్‌ని తీసెయ్యాలి.

బ్రాకెట్ బిగించేటప్పుడు పైపుని దాని వైపు వంచకూడదు. వంచి బిగిస్తే ఆ ఒత్తిడంతా జాయింటు మీదే పడుతుంది. రంధ్రం కలవకపోతే బ్రాకెట్టునే ఆకురాయితో సరిచేసుకోవాలి. పైపు కింది మూతి దగ్గరుండే జాలీకీ ఛాంబర్ అడుగుకీ మధ్య సుమారు 10 మిల్లీమీటర్లు మిగలాలి. జాలీ మీద మెత్తటి బంకమన్ను ముద్ద పెట్టి, ఛాంబర్ ఎక్కించి దించితే ఆ ముద్ద అణిగిన మందమే కొలత చెబుతుంది.