కష్టమైన పాటే ఎందుకు? ఆడిషన్ల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

"టీచర్ గారూ, ఆడిషన్లో కష్టమైన పాట పాడకపోతే జడ్జీలు అసలు తలెత్తి చూడరటండీ, నిజమేనా?" అని పోయిన వారం ఒక తల్లి ఫోన్ చేసి అడిగారు. గుంటూరులో లలిత సంగీతం పాఠాలు చెబుతున్న ఈ 22 ఏళ్లలో ఇదే ప్రశ్నను నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఆవిడ కూతురికి 11 ఏళ్లు. ఐదు శ్రుతిలో, అంటే హార్మోనియంలో ఐదో తెల్ల మెట్టును 'స'గా పెట్టుకుని, హాయిగా పాడే ఆ పిల్ల చేత, ఎవరో చెప్పారని, ఆలాపనలూ గమకాలూ నిండిన ఒక పెద్ద పాటను నెల రోజులుగా సాధన చేయిస్తున్నారు. ఇప్పుడు ఆ పిల్లకు పాటంటేనే భయం పట్టుకుంది.

కష్టమైన పాట ఎత్తుకుంటే ఎంపికవుతారన్నది అన్నిటికన్నా ఎక్కువ మందిని ఇంటికి పంపిన అపోహ. ఆడిషన్ గదిలో మనకు దొరికేది ఒక పల్లవి, మహా అయితే ఒక చరణం. చాలాచోట్ల వాద్యాలు ఉండవు, ట్రాక్ ఉండదు. ఆ కాస్త సమయంలో వినేవారికి ముందుగా తెలిసిపోయేది శ్రుతి, ఆ వెంటనే లయ, ఆ తరువాత ఉచ్చారణ. పాట ఎంత కష్టమైనదో వారికి ముందే తెలుసు కనుక, దానిలో మనం ఎక్కడ జారతామో కూడా వారికి ముందే తెలుసు.

అసలు ప్రమాదం పల్లవిలో కాదు, చరణంలో ఉంటుంది. కంగారులో ఉన్న మనిషి తనకు తెలియకుండానే పాటను ఎక్కువ శ్రుతిలో ఎత్తుకుంటాడు. ఇంట్లో ఐదు శ్రుతిలో పాడే పిల్ల ఆ గదిలో ఆరులో మొదలుపెట్టిందనుకోండి. పల్లవి మధ్య స్థాయిలోనే తిరుగుతుంది కాబట్టి అక్కడ ఏ తేడా తెలియదు, పైగా గొంతు ఖంగుమని వినిపించి ధైర్యం కూడా వస్తుంది. కానీ చరణంలో తార స్థాయి అంతర గాంధారం, అంటే పై స్థాయి 'గ', వచ్చేసరికి, ఆ పిల్ల గొంతు నిజానికి తన ఐదు శ్రుతి లెక్కలో దానికన్నా పైనుండే 'మ', అంటే ప్రతి మధ్యమమంత ఎత్తు అందుకోవలసి వస్తుంది. అక్కడే గొంతు చీలుతుంది. అందుకే పాటను ఎంచుకునేటప్పుడు పల్లవి ఎంత బాగుందని కాకుండా, చరణంలో అన్నిటికన్నా పై స్వరం ఏదో ముందు చూసి, దాన్ని నిద్ర లేచిన గంటలో కూడా తడబడకుండా అందుకోగలిగే శ్రుతిని ఖాయం చేసుకోవాలని నా విద్యార్థులకు చెబుతాను. లోపలికి పిలిచే వరకు ఫోన్‌లో తంబూరా పెట్టుకుని, చెవిలో ఆ షడ్జమాన్ని, అంటే 'స'ను, నిలుపుకోవాలి. మూల గాయకుడి శ్రుతిలోనే పాడాలన్న నియమం ఎవరూ పెట్టలేదు.

ఇదంతా పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు. నా 19వ ఏట ఒక పోటీ ఎంపికకు వెళ్లి, నాకు మించిన పాట ఎత్తుకుని, చరణం సగంలో గొంతు పెగలక నిలబడిపోయాను. నాకు ముందు పాడిన అమ్మాయి చిన్న జోలపాటలాంటి లలిత గీతం పాడి ఎంపికైంది. సిఫారసు ఉండి ఉంటుందని ఇంటికి వచ్చి చెప్పాను, చాలా ఏళ్లు అదే నమ్మాను కూడా. ఆ ముందు రోజు రాత్రి నా సాధనను అన్నయ్య టేప్ రికార్డర్‌లో పట్టి ఉంచాడు. పెళ్లయ్యాక ఒకసారి పుట్టింట్లో ఆ క్యాసెట్ దొరికితే విన్నాను. సరిగ్గా అదే స్వరం దగ్గర ఇంట్లో కూడా మూడుసార్లు జారాను. కాబట్టి "అంతా ముందే నిర్ణయమైపోతుందట" అనే కబుర్లు ఎవరైనా మోసుకొస్తే నాకు ఓపిక ఉండదు. ముందు మీ సాధనను రికార్డు చేసుకుని వినండి. అది కూడా మూల గాయకుడి పాట మీద కలిపి పాడి కాదు, విడిగా తంబూరా మీద పాడి వినండి. కలిపి పాడినప్పుడు ఆయన గొంతు మన తప్పులన్నీ కప్పేస్తుంది.

శాస్త్రీయ సంగీతం నేర్చుకోనివారు వెళ్లకూడదన్నది మరో మాట. పద్ధతిగా కర్ణాటక సంగీతం నేర్చుకోని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 'శంకరాభరణం' పాటకు జాతీయ పురస్కారం అందుకున్నారు. నేర్చుకోవద్దని నేను అనడం లేదు, లేదని ఆగిపోవద్దంటున్నాను. ఆయనే 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో పిల్లల ఉచ్చారణను ఎంత ఓర్పుగా సరిచేసేవారో చూసినవాళ్లం కూడా, శ, ష, స ఒకేలా పలికే పిల్లలను సంగతులు, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా మలిచి పాడడం, బాగున్నాయని మెచ్చుకుంటున్నాం.

సినిమా పాట అన్నిచోట్లా చెల్లుతుందనుకోవడం కూడా పొరపాటే. ఆకాశవాణి లలిత సంగీతం ఆడిషన్‌కు సినిమా పాటలు పనికిరావు, లలిత గీతాలే సిద్ధం చేసుకోవాలి. మధ్యలో "చాలు" అన్నంత మాత్రాన తప్పినట్టు కాదు, వినవలసింది విన్నారని మాత్రమే అర్థం. గొంతు బాగుంటుందని ఇచ్చే మిరియాల పాలు, లవంగాలు, పచ్చి గుడ్డు సంగతికొస్తే, మనం మింగేదేదీ స్వరతంతువులను తాకదు, అది అన్నవాహికలోకి పోతుంది. రోజంతా నీళ్లు తాగడం, ముందు రోజు రాత్రి నిద్రపోవడం చాలు. గొంతు మారుతున్న 13, 14 ఏళ్ల మగపిల్లల చేత మాత్రం నిరుటి శ్రుతిలో బలవంతంగా పాడించకండి.

ఆ తల్లికి పాట మార్చమని చెప్పాను. పిల్లకు ఇష్టమైన, తార షడ్జమం దాటని ఒక చిన్న పాటను ఐదులోనే ఖాయం చేశాం. నిన్న మళ్లీ ఫోన్ చేసి పట్టు పావడా వేయించమంటారా అని అడిగారు. వేయించండి, నడుము దగ్గర బొందు మాత్రం బిగించకండి, ఊపిరి అక్కడిదాకా దిగాలి అన్నాను.